ఆలుగడ్డ ముందు, పులుపు తర్వాత

వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకాలు కాలాన్ని, డబ్బును, మాటను అదుపులో ఉంచుకోవడం గురించి విరివిగా చెబుతాయి కానీ, పొయ్యి వెలిగించి ఇంట్లో ఉన్న నాలుగు సరుకులతో ఒక పూటకు సరిపడా వండుకోవడం గురించి దాదాపుగా ఏమీ చెప్పవు. చదువు కోసమో పని కోసమో మొదటిసారి ఇల్లు విడిచి వెళ్లే యువతీయువకులకు అన్నింటికంటే ముందు ఎదురయ్యే సమస్య మాత్రం అదే. అందుకే ఈ అధ్యాయం ఆలుగడ్డ పులుసు అనే ఒకే ఒక వంటకాన్ని తీసుకుని, దాన్ని మొదటి నుంచి చివరిదాకా వివరిస్తుంది. ఏ సరుకు ఎంత వేయాలన్నది ఎవరిని అడిగినా చెబుతారు. ఏది ముందు వేయాలి, ఏది తర్వాత వేయాలి, ఆ వరుస మారితే ఏం జరుగుతుంది అన్న విషయం మాత్రం చాలా ఇళ్లలో చేతి అలవాటుగానే మిగిలిపోయి, మాటల్లోకి రాదు. ఆ కారణాలు తెలిసినవారు ఒక సరుకు లేకపోయినా ఆగిపోరు. కొలతలు మాత్రమే బట్టీ పట్టినవారు కొత్తిమీర దొరకలేదని కూడా వంట మానుకుంటారు.

తెలంగాణలో ఆలుగడ్డ అనీ, కోస్తా ఆంధ్రలో బంగాళదుంప అనీ, రాయలసీమలో ఉర్లగడ్డ అనీ పిలిచే దుంపను ముక్కలుగా ఉడికించి, అందులో చింతపండు రసం, ఉల్లిగడ్డ, కారం, ఉప్పు కలిపి మరిగించి, చివర పోపు పెట్టినదే ఆలుగడ్డ పులుసు. ఇది చారు కంటే చిక్కగా, కూర కంటే జారుగా ఉంటుంది. అన్నంలో కలుపుకోవచ్చు, జొన్నరొట్టెను ముంచుకుని తినవచ్చు, జ్వరంగా ఉన్నప్పుడో జడివాన కురుస్తున్నప్పుడో గిన్నెలో పోసుకుని వేడిగా తాగనూవచ్చు.

ఈ వంటకాన్ని వివరించడానికి మహబూబాబాద్ జిల్లాలోని గంగారం వంటి ప్రాంతాన్ని ఎదురుగా పెట్టుకోవడం మంచిది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు పూర్వపు వరంగల్ జిల్లాలోని కొత్తగూడ మండలం నుంచి విడివడి గంగారం ప్రత్యేక మండలమైంది. చుట్టూ అడవి ఉన్న ఈ మండలం ఏజెన్సీలో, అంటే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద ప్రత్యేక రక్షణలు ఉన్న గిరిజన ప్రాంతంలో భాగం. ఇక్కడ కోయలు ఎక్కువగా నివసిస్తారు. మేడారం జాతరలో సమ్మక్క భర్తగా పూజలందుకునే పగిడిద్దరాజు కొలువైన పూనుగొండ్ల ఈ మండలంలోనిదే. రెండేళ్లకొకసారి జాతర వచ్చినప్పుడు పూజారులు ఆయనను అక్కడి నుంచి అడవిదారిన కాలినడకన మేడారానికి తీసుకువెళ్తారు. వానాకాలంలో వాగులు పొంగితే ఊరికీ ఊరికీ మధ్య రాకపోకలు ఆగిపోయి, వారపు అంగడికి వెళ్లడం కుదరక, ఆకుకూరలూ టమాటాలూ దొరకని రోజులు ఇలాంటి చోట్ల తప్పవు. ఆ రోజుల్లో ఇంట్లో మిగిలేవి బియ్యం, ఉప్పు, పసుపు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అనే వెల్లుల్లి. గోనెసంచిలో కొన్ని ఆలుగడ్డలు కూడా ఉంటే ఇంటిల్లిపాదికీ పులుసు సిద్ధమైనట్టే.

అయితే ఈ నైపుణ్యం అవసరం ఊళ్లో కంటే ఊరు దాటిన తర్వాతే ఎక్కువ. గిరిజన సంక్షేమ శాఖ నడిపే ఆశ్రమ పాఠశాలల్లో, అంటే వసతితో కూడిన బడుల్లో చదివిన పిల్లలకు పదో తరగతి దాకా భోజనం సమయానికి పళ్లెంలోకి వస్తుంది. ఆ తర్వాత వారు నర్సంపేటలోనో హనుమకొండలోనో ముగ్గురు నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నప్పుడు ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక గంటె, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం సంచి మాత్రమే ఉంటాయి. వండడం రాకపోతే ఉన్న కొద్ది డబ్బూ టిఫిన్ బండికీ కర్రీ పాయింటుకూ పోతుంది. వండడం వస్తే ఆ డబ్బు పుస్తకాలకో బస్సు పాసుకో మిగులుతుంది, పైగా గదిలో అందరూ కలిసి తినే ఒక పూట ఏర్పడుతుంది. మగపిల్లలకు వంట ఎందుకనే మాట ఇంకా వినిపిస్తున్న ఇళ్లలో ఈ విషయాన్ని గట్టిగా చెప్పాలి: ఆకలి ఇద్దరికీ ఒకటే కాబట్టి, పొయ్యి దగ్గర నిలబడడం ఇద్దరూ నేర్చుకోవలసిందే.

ఏ పులుసులోనైనా నాలుగు పనులు జరుగుతాయి. ఒకటి నీటికి చిక్కదనం ఇవ్వడం, రెండోది పులుపు చేర్చడం, మూడోది ఉప్పూ కారమూ సరిచూడడం, నాలుగోది వాసన ఇవ్వడం. బెండకాయ పులుసైనా సొరకాయ పులుసైనా చేపల పులుసైనా ఈ నాలుగింటి మీదే నిలబడుతుంది. ఆలుగడ్డ ప్రత్యేకత ఏమిటంటే, అది తినే ముక్కగా ఉంటూనే చిక్కదనాన్ని కూడా తనలో నుంచే ఇస్తుంది. దానిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరు. మిగిలినదానిలో ఎక్కువ భాగం పిండిపదార్థం. ఈ పిండిపదార్థం సన్నని రేణువుల రూపంలో ఉంటుంది. నీటి వేడి సుమారు 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఆ రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బి, చుట్టూ ఉన్న నీటిని జిగటగా మారుస్తాయి. వేరే పిండి ఏదీ కలపకుండానే ఉడికిన ముక్కల్లో కొన్నింటిని గంటె వెనకభాగంతో గిన్నె అంచుకు అదిమితే పులుసు చిక్కబడడానికి కారణం ఇదే.

సంప్రదాయ వంటకంగా చెప్పుకునే ఈ పులుసులో ఆలుగడ్డ మాత్రం దూరం నుంచి వచ్చింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, నేటి పెరూ, బొలీవియా ప్రాంతాల్లో, వేల ఏళ్ల కిందటే దాన్ని సాగుచేశారు; 16వ శతాబ్దం ద్వితీయార్ధంలో స్పెయిన్ వారి ద్వారా యూరప్ చేరి, ఆ తర్వాత భారతదేశానికి వచ్చింది. మిరపకాయ, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. చింతపండు, ఆవాలు, జీలకర్ర, పసుపు అంతకు ఎంతో ముందు నుంచే ఇక్కడి వంటింట్లో ఉన్నాయి. అంటే ఇక్కడ పాతది పులుసు కాచే పద్ధతి. కొత్తగా వచ్చిన దుంపను అది తనలో కలుపుకుంది. ఇప్పుడు చైనా తర్వాత ప్రపంచంలో అత్యధికంగా ఆలుగడ్డ పండించే దేశం భారతదేశమే. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో యాసంగి పంటగా దీన్ని పండిస్తారు. మన మార్కెట్లకు ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా వైపు నుంచి వచ్చే సరుకు కూడా ఎక్కువే. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారిన కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ తయారుచేసిన కుఫ్రీ రకాలే దేశంలో విస్తారంగా సాగవుతున్నాయి.

సరుకుల ఎంపిక

ఆలుగడ్డ కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడాలి. గట్టిగా, బరువుగా, తోలు ముడతలు పడకుండా ఉన్నవి మంచివి. తోలు మీద ఆకుపచ్చ రంగు ఉన్నవాటిని, మొలకలు బాగా సాగినవాటిని తీసుకోకూడదు. వెలుతురు తగిలిన దుంపలో ఆకుపచ్చ రంగుతో పాటు సొలనిన్ అనే చేదు విషపదార్థం పెరుగుతుంది. అది ఉడికించినా పోదు, ఎక్కువైతే కడుపునొప్పి, వాంతులు కలిగిస్తుంది. కొద్దిపాటి పచ్చదనం ఉంటే ఆ భాగాన్ని మందంగా చెక్కి పారేయాలి. దుంపంతా పచ్చబడితే దాన్నే పారేయాలి. ఇంట్లో వీటిని గోనెసంచిలోనో వెదురుబుట్టలోనో, చీకటిగా, గాలి ఆడేచోట ఉంచాలి. ఉల్లిగడ్డలను వీటి పక్కన పెట్టకూడదు. రెండూ కలిపి ఉంచితే రెండూ త్వరగా పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఆ చలికి దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి, పులుసుకు అక్కరలేని తీపి వస్తుంది.

చింతపండు విషయంలో ఏజెన్సీ ప్రాంతం అదృష్టమైనదే. ఊరి చెట్ల నుంచీ అడవి అంచుల నుంచీ ఎండాకాలం మొదట్లో రాలిన కాయలను ఏరి, ఎండబెట్టి, పెంకు తీసి, గింజలు కొట్టి, ఉప్పు కలిపి కుండల్లో దాచుకునే అలవాటు ఇంకా ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అని పిలిచేది, గిరిజనుల నుంచి కొనే అటవీ ఉత్పత్తుల్లో చింతపండుది ముఖ్యమైన స్థానం. కొత్త చింతపండు ఎర్రగా ఉండి పులుసుకు లేత రంగునిస్తుంది. ఏడాది దాటినది నల్లబడి, పులుసును కూడా నల్లగా చేస్తుంది. పాతదాని రుచి లోతుగా ఉంటుందని దాన్నే ఇష్టపడే ఇళ్లు చాలా ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. ఏదైనా సరే, గోరువెచ్చని నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు నాననిచ్చి, చేత్తో బాగా పిసికి, ఈనెలూ గింజలూ తీసేసి, పిప్పిలో మళ్లీ కొన్ని నీళ్లు పోసి రెండోసారి పిసికితేనే రసం పూర్తిగా దిగుతుంది. తొందరలో ఒక్కసారి పిండి పిప్పి పారేసేవారు సగం పులుపు పారేస్తున్నట్టే లెక్క.

కడుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బియ్యం కడిగిన నీటినే కడుగు అంటారు. మొదటిసారి కడిగిన నీటిలో దుమ్ము ఉంటుంది కాబట్టి దాన్ని పారబోసి, రెండోసారి తెల్లగా వచ్చిన నీటిని పులుసుకు వాడడం పాత ఇళ్లలో మామూలు. ఆ తెలుపు బియ్యం నుంచి రాలిన పిండి. అది పులుసుకు పలుచని నునుపునిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అన్నం ఎలాగూ వండుతారు కాబట్టి అదనపు పనీ లేదు. గదుల్లో వండుకునే విద్యార్థులు ఈ ఒక్క అలవాటును తప్పక తిరిగి తెచ్చుకోవాలి. అయితే కడుగు నిలవ ఉంటే పులిసిపోతుంది కాబట్టి కడిగిన పూటే వాడుకోవాలి.

గిన్నె స్టీలుదో మట్టిదో అయితే మంచిది. సిల్వర్ గిన్నె అని వాడుకలో ఉన్న అల్యూమినియం గిన్నెలో అన్నం వండుకోవచ్చు కానీ, చింతపండులోని పులుపు ఆ లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించి పులుసులోకి దింపుతుంది. పులుపు వంటలకు, ముఖ్యంగా రాత్రంతా నిలవ ఉంచే వాటికి, అది పనికిరాదు.

వండే క్రమం

నలుగురికి సరిపడే పులుసుకు మధ్యరకం ఆలుగడ్డలు నాలుగు, అంటే దాదాపు 400 గ్రాములు కావాలి. చింతపండు నిమ్మకాయంత, ఉల్లిగడ్డలు రెండు, పచ్చిమిరపకాయలు మూడు లేక నాలుగు, పసుపు పావు చెంచా, కారం ఒక చెంచా, ధనియాల పొడి ఒక చెంచా సరిపోతాయి. నీళ్లు, కడుగు, చింతపండు రసం అన్నీ కలిపి ఒక లీటరు దాకా పడతాయి. పోపుకు రెండు మూడు చెంచాల నూనె, అర చెంచా ఆవాలు, అర చెంచా జీలకర్ర, పదికి మించని మెంతి గింజలు, దంచిన ఎల్లిపాయ రెబ్బలు ఐదారు, ఎండుమిరపకాయలు రెండు, కల్యామాకు, అంటే కరివేపాకు, ఒక రెమ్మ ఉండాలి. ఒక్కరికే చేసుకునేవారు పెద్ద ఆలుగడ్డ ఒకటి, ఉసిరికాయంత చింతపండు, గ్లాసున్నర నీళ్లతో మొదలుపెట్టవచ్చు.

ఆలుగడ్డలను కడిగి, చెక్కు తీసి, బొటనవేలి మొదటి కణుపంత ముక్కలుగా కోసి, చల్లని నీళ్లలోనే గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాలి. మరుగుతున్న నీళ్లలో వేస్తే ముక్క పైభాగం విచ్చిపోయేదాకా ఉడికి, లోపలిభాగం పచ్చిగా ఉండిపోతుంది. చల్లని నీళ్లతో మొదలుపెడితే వేడి నెమ్మదిగా, సమానంగా లోపలికి వెళ్తుంది. ఈ నీళ్లలోనే పసుపు, వేయవలసిన ఉప్పులో సగం వేయాలి, ఎందుకంటే ముక్క ఉడికేటప్పుడు పట్టిన ఉప్పు లోపలిదాకా దిగుతుంది, తర్వాత వేసిన ఉప్పు పులుసులోనే ఉండిపోతుంది. నీళ్లు మరిగాక మంట తగ్గించి, 12 నుంచి 15 నిమిషాలు ఉడకనివ్వాలి. కోసిన ఉల్లిగడ్డ, చీల్చిన పచ్చిమిరపకాయలు ఈ మధ్యలో వేసుకోవచ్చు.

ఇప్పుడు వచ్చేది ఈ వంటకంలో అత్యంత ముఖ్యమైన ఘట్టం. చాకు మొనతో ఒక ముక్కను గుచ్చి పైకెత్తాలి. మొన ఎక్కడా తట్టుకోకుండా నడిమి దాకా దిగి, ముక్క దానంతట అదే జారిపడితే ఉడికినట్టు. చాకునే పట్టుకుని వేలాడితే ఉడకలేదు. అలా జారిపడేదాకా చింతపండు రసం పోయకూడదు. మొక్కల కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పదార్థాన్ని పెక్టిన్ అంటారు. దుంప మెత్తబడడమంటే వేడికి ఈ పెక్టిన్ కరిగి కణాలు విడిపోవడమే. పుల్లని నీటిలో పెక్టిన్ సులభంగా కరగదు. అందుకే ఆలుగడ్డ ముక్కలనూ చింతపండు రసాన్నీ మొదటే కలిపేస్తే అరగంట మరిగినా ముక్క నడిమిభాగం కసకసలాడుతూనే ఉంటుంది, వండినవారు దుంప మంచిది కాదనుకుంటారు, కానీ దోషం క్రమానిది. పులిసిన క్యాబేజీతో రష్యాలో చేసే ష్చీ అనే సూప్‌లోనూ ఇదే నియమం కనిపిస్తుంది. అక్కడి గృహిణులు కూడా ఆలుగడ్డ మెత్తబడ్డాకే పులిసిన క్యాబేజీని గిన్నెలో వేస్తారు. చింతచెట్టే లేని దేశపు వంటింట్లో, చింతపండు లేనిదే పొద్దు గడవని వంటింట్లో, రెండుచోట్లా అనుభవం ఒకే వరుసను నేర్పడం గమనించదగిన విషయం. యూరప్‌లోని చాలా ఆలుగడ్డ సూప్‌లకు ఈ చిక్కు లేదు, వాటిలో పులుపు ఉండదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఆలుగడ్డను ప్రచారం చేసిన పార్మాంటియే పేరు మీద చెలామణి అయ్యే సూప్‌లో ఆలుగడ్డ, ఉల్లి జాతికి చెందిన లీక్ అనే కాడ, కొంత పాలో మీగడో మాత్రమే ఉంటాయి. అన్నింటినీ ఒకేసారి ఉడికించినా నష్టం రాదు.

ముక్కలు మెత్తబడ్డాక వాటిలో నాలుగో వంతును గంటెతో అదిమి, కడుగు పోసి, కలపాలి. కడుగు లేకపోతే ఒక చెంచా జొన్నపిండో బియ్యప్పిండో వాడుకోవచ్చు. అయితే పిండిని నేరుగా మరిగే పులుసులో వేస్తే, ప్రతి ఉండకూ పైపొర వేడికి వెంటనే జిగురుకట్టి, లోపలికి నీరు చేరకుండా అడ్డుపడి, పొడి పిండి ఉండలుగానే మిగిలిపోతుంది. కాబట్టి ముందు అర గ్లాసు చల్లని నీళ్లలో పిండిని జారుగా కలిపి, ఒక చేత్తో పోస్తూ, మరో చేత్తో గంటె తిప్పుతూ ఉండాలి. ఆ తర్వాత చింతపండు రసం, కారం, ధనియాల పొడి వేసి, ఎనిమిది నుంచి పది నిమిషాలు మరగనివ్వాలి. చింతపండు పచ్చివాసన పోయి, పులుసు అంచుల్లో సన్నని నురగ కట్టి, గంటెతో ఎత్తిపోస్తే ధార తెగకుండా జారే స్థితి వచ్చినప్పుడు రుచి చూసి, మిగిలిన ఉప్పు అవసరమైనంత మేరకే వేయాలి. పులుపు మరీ ముందుకు వస్తే చిన్న బెల్లం ముక్క వేయవచ్చు. బెల్లాన్ని బంగారమని పిలిచి, మనిషి ఎత్తు తూచి సమ్మక్క సారలమ్మలకు సమర్పించే ప్రాంతం కాబట్టి, జాతర ఏడాదిలో ఇక్కడి ఇళ్లలో ప్రసాదం బెల్లానికి కొదవ ఉండదు; అయితే పులుసులో అది పులుపు అంచును తగ్గించాలే కానీ తీపిగా నాలుకకు తెలియకూడదు.

పోపు చివర పెట్టడానికి కారణం ఉంది. జీలకర్రలో, ఎల్లిపాయలో, కల్యామాకులో వాసననిచ్చే పదార్థాలు నీటిలో కంటే నూనెలో బాగా కరుగుతాయి, ఎక్కువసేపు మరిగితే ఆవిరితో పోతాయి. అందువల్ల వేడి నూనెలో ఆవాలు వేసి, అవి చిటపటలాడడం మొదలయ్యాక జీలకర్ర, మెంతులు, ఆపై ఎండుమిరపకాయలు, దంచిన ఎల్లిపాయ, చివర కల్యామాకు వేసి, వెంటనే పులుసులో పోసి, రెండు నిమిషాలు మూత పెట్టి ఉంచాలి. మెంతులను మాత్రం కన్నార్పకుండా చూడాలి. అవి ఇటుకరంగుకు వచ్చినప్పుడు కమ్మగా ఉంటాయి, నల్లబడితే పులుసంతా చేదెక్కుతుంది. ఒకే గిన్నె ఉన్నవారు పోపును మొదట వేయించి, ఒక గ్లాసులోకి తీసి పక్కన పెట్టుకుని, అదే గిన్నెలో ఆలుగడ్డలు ఉడికించి, చివర ఆ గ్లాసును తిరిగి పులుసులో ఒంపుకోవచ్చు.

ఒక్కటి లేనప్పుడు

ఈ క్రమం అర్థమైనవారికి ప్రత్యామ్నాయాలు వాటంతటవే తోస్తాయి. చింతపండు లేనప్పుడు మామిడికాయల కాలంలో ఒక పుల్లని కాయను ఉడికించి మెదిపి వేయవచ్చు. వానాకాలంలో గోంగూర, అంటే తెలంగాణలో పుంటికూర అనేది, గుప్పెడు చాలు. ఏది వాడినా నియమం అదే, పులుపు వంతు దుంప మెత్తబడ్డాకే. ఆలుగడ్డ లేనప్పుడు చామగడ్డ అదే పని చేస్తుంది, కాకపోతే దానిలోని సన్నని సూదుల్లాంటి స్ఫటికాల వల్ల నోరు దురద పెట్టకుండా ముందే విడిగా ఉడికించి, తోలు ఒలిచి, ఆ తర్వాతే పులుపులో వేయాలి. అడవిదుంపల జోలికి మాత్రం వాటిని ఎరిగిన పెద్దలు పక్కన లేకుండా ఎవరూ వెళ్లకూడదు. వాటిలో కొన్నింటిని కోసి, రోజుల తరబడి పారే నీటిలో నానబెట్టి, విషం పోగొట్టాకే తింటారు. ఆ జ్ఞానం తరతరాలుగా ఆ అడవిలో బతికినవారి దగ్గర ఉంది, అది పుస్తకం చదివి నేర్చుకునేది కాదు.

ఎండాకాలంలో పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేని రోజుల్లో పచ్చిపులుసు ఉంది. ఇందులో చింతపండు రసాన్ని మరిగించరు. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఉప్పుతో పిసికి, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలను నలిపి, వేయించి దంచిన నువ్వుల పొడి కలిపి, చల్లని రసం పోస్తారు. ఆ నిప్పుల్లోనే రెండు ఆలుగడ్డలు కూడా కాల్చి, తోలు తీసి, మెదిపి ఇందులో కలిపితే అన్నంలోకి చిక్కని పచ్చిపులుసు అవుతుంది.

పోషణ దృష్టితో చూస్తే ఈ పులుసు ఒక్కటే పూర్తి భోజనం కాదని స్పష్టంగా చెప్పాలి. ఆలుగడ్డలో శక్తి, పొటాషియం, కొంత విటమిన్ సి ఉంటాయి కానీ, 100 గ్రాముల్లో మాంసకృత్తులు రెండు గ్రాముల లోపే. పెరిగే వయసు పిల్లలకూ గర్భిణులకూ అది చాలదు. కందిపప్పు ఒక గుప్పెడు విడిగా మెత్తగా ఉడికించి, మెదిపి, చింతపండు రసంతో పాటు కలిపితే మాంసకృత్తులూ చేరతాయి, చిక్కదనమూ పెరుగుతుంది. లేదా ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి మరిగే పులుసులో వేయవచ్చు. గదిలో నలుగురు ఉంటే నాలుగు గుడ్లు ఈ పులుసును రాత్రి భోజనంగా నిలబెడతాయి.

పొరపాట్లు జరిగినప్పుడు సరిదిద్దుకోవడం కూడా ఈ విద్యలో భాగమే. పులుపు ముందే పోసి ముక్కలు గట్టిగా ఉండిపోతే, వాటిని గంటెతో ఏరి, వేరే గిన్నెలో మామూలు నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, తిరిగి పులుసులో వేయాలి. ఉప్పు ఎక్కువైనప్పుడు పచ్చి ఆలుగడ్డ ముక్క వేస్తే అది ఉప్పును పీల్చేస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది ఉప్పును మాత్రమే ఏరుకోదు, ఉప్పునీటిని పీలుస్తుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. నీళ్లు పోసి, దానికి తగినట్టు మరికొంత ఉడికిన ఆలుగడ్డ మెదిపి, పులుపు సరిచేయడమే దారి. కుక్కర్ వాడేవారు ఆలుగడ్డలను ఒకటి రెండు విజిల్స్ దాకా ఉడికించవచ్చు, చింతపండు రసం మాత్రం మూత తీశాకే.

మిగిలిన పులుసును వేడి తగ్గగానే మూతపెట్టి చల్లనిచోట ఉంచాలి. పులుపు వల్ల ఇది మామూలు కూర కంటే కొంత నిలుస్తుంది కానీ, ఎండాకాలంలో ఫ్రిజ్ లేకుండా రాత్రంతా ఉంచడం మంచిది కాదు. ఫ్రిజ్‌లో ఉంచినదాన్ని మర్నాడు బాగా మరిగేదాకా కాచాలి. రాత్రంతా చల్లబడి పిండిపదార్థం బిగుసుకోవడం వల్ల అది గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. అర గ్లాసు వేడినీళ్లు పోస్తే మళ్లీ జారవుతుంది. పొద్దున జొన్నరొట్టెతోనో, రవ్వను ఉడికించి చేసే గట్కతోనో తినడానికి ఇది రాత్రి కంటే బాగుంటుంది, ఎందుకంటే ఈలోగా పులుపూ కారమూ ముక్క నడిమి దాకా దిగి ఉంటాయి. తిరిగి కాచేటప్పుడు రుచి చూడకుండా ఉప్పు వేయకూడదు.